అపాచీ క్యామెల్: చాలా ఏళ్లు వాడాక నా సమీక్ష

ముందే చెప్పేస్తా. క్యామెల్ అంటే వేర్వేరు సాఫ్ట్‌వేర్ల మధ్య డేటా చేరవేసే సాఫ్ట్‌వేర్. మంచిదే, కొత్త ఇంటిగ్రేషన్ పని (అంటే సాఫ్ట్‌వేర్లని కలిపే పని) వస్తే ఇప్పటికీ నేను మొదట తీసేది దాన్నే. కానీ డిఫాల్ట్ సెట్టింగులు చదవకుండా ప్రొడక్షన్‌లోకి ఎక్కించేసే వాళ్లకి మాత్రం ఇది పనికిరాదు. నేను రాసేదాంట్లో సగం ఆ డిఫాల్టుల గొడవే ఉంటుంది, ఎందుకంటే రోజూ వచ్చే ఫోన్‌కాల్స్‌లో ఎక్కువ వాటి దగ్గరికే వెళ్లి తేలతాయి.

నేనుండేది భీమవరం. ఇక్కడ ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్ తీసుకుంటే కాటా దగ్గర పాత విండోస్ పీసీ, ల్యాబ్‌లో వేరే సాఫ్ట్‌వేర్, అకౌంట్స్‌లో ఈఆర్‌పీ (కంపెనీ లెక్కలన్నీ నడిపే సాఫ్ట్‌వేర్), రైతులకి ఒక మొబైల్ యాప్, బ్యాంకుకి పంపే పేమెంట్ ఫైలు, అమెరికాలో సరుకు కొనేవాళ్లకి ఈడీఐ (కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కే వెళ్లే ఆర్డర్లు, బిల్లులు). దేని భాష దానిదే. వీటన్నిటినీ కలిపి ఉంచడమే నా ఉద్యోగం. ఇంట్లో వాళ్లకి ఇది వివరించడం ఎప్పుడో మానేశాను, మా బాబాయి అయితే ఇప్పటికీ ప్రింటర్ పాడైతే నాకే ఫోన్ చేస్తాడు.

క్యామెల్ 2007 నుంచి ఉన్న ఓపెన్ సోర్స్ జావా ఫ్రేమ్‌వర్క్. ఇక్కడి నుంచి తీసుకో, ఇలా మార్చు, అక్కడ ఇవ్వు అని ఒక రూట్ రాస్తాం, జావాలో రాసుకోవచ్చు, ఎక్స్‌ఎంఎల్‌లో, యామల్‌లో కూడా. ఫైలు, ఎస్‌ఎఫ్‌టీపీ (నెట్ మీద ఫైళ్లు భద్రంగా పంపే పద్ధతి), కాఫ్కా (మెసేజ్‌లు చేరవేసే సర్వర్), హెచ్‌టీటీపీ, మెయిల్, డేటాబేస్ ఇలా 300 పైచిలుకు కాంపోనెంట్లు సిద్ధంగా ఉంటాయి. లైసెన్సు ఖర్చు లేదు. చిన్న కంపెనీలకి ఇదే పెద్ద విషయం, లక్షలు పోసి ఇంటిగ్రేషన్ ప్లాట్‌ఫామ్ కొనండి అంటే మన దగ్గర ఓనరు గారు మాట పూర్తి కాకుండానే టీ చెబుతారు.

ఇక అసలు కష్టాలు. ఫైళ్లతో మొదలుపెడతా, ఈ రోజుల్లో కూడా సగం వ్యాపారం ఫైళ్ల మీదే నడుస్తోంది కాబట్టి. కాటా పీసీ నుంచి తూకాల ఫైలు ఎస్‌ఎఫ్‌టీపీలో పడుతుంది, క్యామెల్ తీసుకుని ఈఆర్‌పీకి ఇస్తుంది. ఒక్కోరోజు సగం లారీల తూకాలే వస్తాయి. కారణం చాలా మామూలుది, ఫైలు ఇంకా ఎక్కుతుండగానే క్యామెల్ చదివేసింది. రీడ్‌లాక్ అనే ఆప్షన్ డిఫాల్ట్‌గా ఏమీ లేదు అన్నట్టే ఉంటుంది. దాన్ని ‘ఛేంజ్డ్’ అని పెడితే ఫైలు సైజు మారడం ఆగేదాకా చూసి అప్పుడు చదువుతుంది, చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. ఎస్‌ఎఫ్‌టీపీకి ఆ చూసే విరామం డిఫాల్ట్‌గా 5 సెకన్లు. మన వైపు కరెంటు పోయి రౌటరు ఆగి మళ్లీ లేచేలోపు 5 సెకన్లు ఏం సరిపోతాయి? సైజు మారలేదు కదా, ఫైలు అయిపోయింది అనుకుని సగం ఫైలే తీసుకుపోతుంది. నమ్మకమైన దారి ఒక్కటే, పంపేవాళ్లు అసలు ఫైలు పూర్తిగా ఎక్కాక చివర్లో ఒక ఖాళీ ‘డన్’ ఫైలు వేయాలి, క్యామెల్‌లో డన్‌ఫైల్‌నేమ్ ఆప్షన్ పెట్టుకుంటే అది కనబడేదాకా ముట్టుకోదు. లేదా వేరే పేరుతో ఎక్కించి, పూర్తయ్యాక అసలు పేరు పెట్టినా సరే. కాటా సాఫ్ట్‌వేర్ వాళ్లని ఈ చిన్న మార్పుకి ఒప్పించడం, రూట్ మొత్తం రాయడం కన్నా ఎక్కువ టైమ్ తింటుంది, అది వేరే కథ.

ఫైళ్లలోనే ఇంకోటి. ఫైలుని కదపకుండా చదవడానికి నోఆప్ పెడతాం కదా, అప్పుడు ఏ ఫైళ్లు చదివానో క్యామెల్ తనే గుర్తుపెట్టుకుంటుంది. బాగుంది, కానీ ఎక్కడ? మెమరీలో. ఎన్ని? డిఫాల్ట్‌గా 1000. ఫోల్డర్లో 1000 దాటి ఫైళ్లు పేరుకున్నాయంటే పాతవి మరిచిపోయి మళ్లీ కొత్తగా చదవడం మొదలుపెడుతుంది, సర్వర్ రీస్టార్ట్ అయితే అన్నీ మళ్లీ మొదటి నుంచే. రైతు ఖాతాలో ఒకే తూకం రెండుసార్లు పడితే ఆయన ఫోన్ చేయడు, ఒకసారి తక్కువ పడితే మాత్రం గంటలో గేటు దగ్గర ఉంటాడు. కాబట్టి ఈ తప్పు చాలా ఆలస్యంగా బయటపడుతుంది. ఆ జాబితాని డేటాబేస్‌లో ఉంచుకునే జేడీబీసీ రిపాజిటరీ ఉంది, మొదటి రోజే పెట్టేయండి.

నన్ను ఎక్కువ నిద్రలేపింది మాత్రం ఈ-ఇన్వాయిస్, అంటే అమ్మకం బిల్లుని జీఎస్‌టీ వాళ్ల పోర్టల్‌లో నమోదు చేయడం. 2020 అక్టోబరు 1న 500 కోట్ల టర్నోవరు దాటిన వాళ్లతో మొదలై, 2023 ఆగస్టు 1కి 5 కోట్ల దాకా దిగింది, అంటే మన డెల్టాలో చెప్పుకోదగ్గ ప్లాంట్లన్నీ లోపలికి వచ్చేశాయి. ఇన్వాయిస్ జేసన్‌గా (ప్రోగ్రాములు చదువుకునే టెక్స్ట్ రూపంలో) పోర్టల్‌కి పంపితే 64 అక్షరాల ఐఆర్‌ఎన్ (ఇన్వాయిస్ రిఫరెన్స్ నంబరు), సంతకం చేసిన క్యూఆర్ తిరిగొస్తాయి. ఎగుమతి బిల్లులకీ అంతే. ఇప్పుడు ఊహించుకోండి, రాత్రి పదింటికి డిస్పాచ్ పెద్దాయన ఫోను: “బాబూ, కంటైనరు గేటు దగ్గరే ఉందండి, బిల్లు మీద క్యూఆర్ రాలేదు. మళ్లీ నొక్కితే ఏదో డూప్లికేట్ అంటోంది. ఏం చేయమంటారు?” లోపల సరుకు మైనస్ 18 డిగ్రీల్లో ఉండాలి, డ్రైవరు హారన్ కొడుతున్నాడు, ఆయన టెన్షన్ ఆయనది.

జరిగేది ఇదీ. మన రిక్వెస్టు అవతలికి చేరింది, అక్కడ ఐఆర్‌ఎన్ పుట్టేసింది, జవాబు మాత్రం దారిలో ఆగి మన వైపు టైమ్‌అవుట్ అయింది. మన దృష్టిలో ఫెయిల్, వాళ్ల దృష్టిలో పాస్. మళ్లీ పంపితే డూప్లికేట్ అనే అంటారు మరి. ఐఆర్‌ఎన్ అనేది అమ్మేవాళ్ల జీఎస్‌టీ నంబరు, ఆర్థిక సంవత్సరం, డాక్యుమెంట్ రకం, డాక్యుమెంట్ నంబరు కలిపి లెక్కకట్టి తీసిన కోడ్ (హ్యాష్ అంటారు), ఆ నాలుగూ అవే అయితే ఐఆర్‌ఎన్ కూడా అదే. కాబట్టి డూప్లికేట్ అన్న జవాబుని ఎర్రర్‌గా చూడకూడదు, ‘ముందే అయిపోయింది’ అని చూడాలి. క్యామెల్‌లో ఆ కోడ్‌కి విడిగా ఒక దారి పెట్టి, డాక్యుమెంట్ వివరాలతో ఉన్న ఐఆర్‌ఎన్‌ని తెచ్చుకునే పోర్టల్ ఏపీఐని (ప్రోగ్రాములు అడిగే దారిని) పిలిపిస్తే క్యూఆర్ వచ్చేస్తుంది. దీన్ని పెట్టాక ఆ పెద్దాయన నాకు రాత్రుళ్లు ఫోన్ చేయడం మానేశారు, సంక్రాంతికి పూతరేకులు కూడా పంపారు.

ఇక్కడే ఇంకో రెండు డిఫాల్టులు. క్యామెల్ తనంతట తాను రీట్రై చేయదు, మీరు చెబితేనే చేస్తుంది. ఇది మంచి డిఫాల్టే అని నా అభిప్రాయం, ఏది రెండోసారి పంపొచ్చో ఏది పంపకూడదో దానికేం తెలుస్తుంది, బ్యాంకు పేమెంట్‌ని గుడ్డిగా రీట్రై చేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. రెండోది డెడ్ లెటర్ ఛానెల్. అది ఆగిపోయిన మెసేజ్‌ని పక్కన పెట్టి, మొదట పంపినవాడికి మాత్రం అంతా సవ్యంగానే ఉన్నట్టు చూపిస్తుంది. ఈఆర్‌పీ స్క్రీన్ మీద ‘పంపబడింది’ అని పచ్చగా ఉంటుంది, ఇన్వాయిస్ ఏమో ఆ క్యూలో నిద్రపోతుంటుంది. ఆ క్యూ వైపు ఎవరూ చూడకపోతే? 2025 ఏప్రిల్ 1 నుంచి 10 కోట్లు దాటిన వాళ్లు బిల్లు తేదీ నుంచి 30 రోజుల్లోపు పోర్టల్‌కి ఎక్కించాలి, దాటితే తీసుకోదు. కాబట్టి డెడ్ లెటర్‌లో ఒక్క మెసేజ్ పడినా వాట్సాప్‌కో మెయిల్‌కో అలర్ట్ వెళ్లాల్సిందే. అదీ ఐటీ వాళ్లకి ఒక్కరికే కాదు, అకౌంట్స్‌లో ఒకరికి కూడా వెళ్లాలి, వాళ్లే మనల్ని వెంటపడి చేయిస్తారు.

టైమ్ జోన్ గురించి ఒక్క ఉదాహరణ చాలు. ప్లాంట్లో నైట్ షిఫ్ట్ ఉంటుంది, ఏప్రిల్ 1 తెల్లవారుజామున 2 గంటలకి బిల్లు కొట్టారు. సర్వర్ యూటీసీలో (మనకన్నా ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంది, దాని లెక్కలో అది మార్చి 31 రాత్రి 8:30. తేదీ సర్వర్ నుంచి తీసుకున్నారా, బిల్లు పోయిన ఆర్థిక సంవత్సరంలో పడింది, పైన చెప్పిన హ్యాష్‌లో సంవత్సరం కూడా ఉంది కాబట్టి ఐఆర్‌ఎన్నే మారిపోయింది. ఏడాదికి ఒక్క రాత్రి, అందులోనూ ఐదున్నర గంటలు మాత్రమే కనబడే బగ్ ఇది, టెస్టింగ్‌లో ఎవరికి దొరుకుతుంది? కోడ్‌లో ఏషియా/కోల్‌కతా అని రాసేయండి, ఫలానా టైమ్‌కి పని మొదలుపెట్టే క్వార్ట్జ్ షెడ్యూల్లో కూడా ట్రిగ్గర్‌కి టైమ్ జోన్ ఇవ్వొచ్చు.

తెలుగు అక్షరాల కష్టం మనకే సొంతం. కంప్యూటర్ అక్షరాలని దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో మన అక్షరాలు, గుణింతపు గుర్తులు, సున్నా అన్నీ ఒక్కోటి 3 బైట్లు. తాడేపల్లిగూడెం అని ఇంగ్లీషులో టైప్ చేస్తే 14 బైట్లు, తెలుగులో కూడా కంప్యూటర్ లెక్కకి 14 ముక్కలే, కానీ 42 బైట్లు. అవతల ఒరాకిల్ డేటాబేస్‌లో కాలమ్‌ని బైట్ల లెక్కన 40 అని కట్టి ఉంటే ఓఆర్‌ఏ-12899 (కాలమ్‌లో పట్టదు అనే ఎర్రర్) వచ్చి ఆగుతుంది. ఆకివీడు రైతు వివరాలు ఎక్కుతాయి, తాడేపల్లిగూడెం రైతువి ఎక్కవు, అందరూ యాప్‌ని తిడతారు. ఆ ఎర్రర్ లైన్లోనే అసలు ఎంత, గరిష్ఠం ఎంత అని రెండు అంకెలుంటాయి, అసలుది పేరులోని ముక్కల లెక్కకి మూడింతలుగా కనిపిస్తే తెలుగే కారణం. ఇక ఊరి పేరు బదులు ప్రశ్నార్థకాలు వస్తే అది ఎన్‌కోడింగ్, విండోస్ మీద పాత జావా యూటీఎఫ్-8ని డిఫాల్ట్‌గా తీసుకోదు, జావా 18 నుంచే అది మారింది. రూట్‌లో క్యారెక్టర్ సెట్ రాసేస్తే ఏ జావా అయినా గొడవ లేదు.

అవతలి సర్వర్ అసలుదే అని రుజువు చేసే సర్టిఫికెట్ల గురించి కొంచెమే చెబుతా. పీకేఐఎక్స్ పాత్ బిల్డింగ్ ఫెయిల్డ్ (ఈ సర్టిఫికెట్‌ని నమ్మలేను అని జావా చెప్పే ఎర్రర్) అని వస్తే, ‘బ్రౌజర్‌లో బాగానే ఓపెన్ అవుతోంది కదండీ’ అనే మాట అవతలి నుంచి తప్పకుండా వస్తుంది. అవతలి సర్వర్ తన సర్టిఫికెట్‌ని మూల సర్టిఫికెట్‌తో కలిపే మధ్య సర్టిఫికెట్‌ని పంపకపోయినా బ్రౌజర్ సర్దుకుపోగలదు, జావా డిఫాల్ట్‌గా సర్దుకోదు. వాళ్లనే పూర్తి చైన్ పెట్టమనండి. సర్టిఫికెట్ చెకింగ్ ఆఫ్ చేసేయమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు, వినొద్దు. పబ్లిక్ సర్టిఫికెట్ల గడువు కూడా తగ్గుతూ వస్తోంది, 398 రోజుల నుంచి 2026 మార్చి 15కి 200, 2029 మార్చికి 47 రోజులు. ఎక్సెల్‌లో గడువు తేదీలు రాసుకునే పద్ధతికి కాలం చెల్లినట్టే.

రొయ్యల పట్టుబడుల సీజన్లో లోడు గురించి. సెడా అనే కాంపోనెంట్‌తో రూట్ల మధ్య క్యూ పెట్టుకోవచ్చు, తేలిగ్గా ఉంటుంది, స్పీడు. కానీ అది మెమరీలో క్యూ, సర్వర్ ఆగితే అందులోవి పోతాయి. డిఫాల్ట్‌గా 1000 నిండాక కొత్తది వేయబోతే ఎర్రర్ విసురుతుంది, బ్లాక్‌వెన్‌ఫుల్ పెడితే ఆగి కాచుకుంటుంది. మన కాలువల్లో శివారు భూములకి నీళ్లందకపోతే తూము దగ్గరే చూస్తాం కదా, ఇక్కడ కూడా అంతే, చివర ఈఆర్‌పీ నెమ్మదిగా ఉందని తిట్టేముందు పైన ఎంత వదులుతున్నామో చూసుకుని థ్రాటిల్ (వదిలే వేగానికి హద్దు) పెట్టాలి. డబ్బుతో ముడిపడిన మెసేజ్ అయితే సెడా వద్దు, మెసేజ్‌లని భద్రంగా దాచి అందించే సరైన బ్రోకర్ సర్వర్ వాడండి.

నచ్చినవి కూడా చెప్పాలి. అన్నిటికన్నా మెసేజ్ హిస్టరీ. తప్పు జరిగినప్పుడు మెసేజ్ ఏ ఏ స్టెప్పుల గుండా వచ్చింది, ఒక్కోచోట ఎన్ని మిల్లీసెకన్లు పట్టింది అని లాగ్‌లో (ప్రోగ్రామ్ రాసుకునే చిట్టాలో) పట్టికలా ఇస్తుంది. డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది, ఆన్ చేసుకోవాలి. దానితో పాటు ఎండీసీ లాగింగ్ కూడా ఆన్ చేస్తే ప్రతి లైన్లో ఎక్స్‌ఛేంజ్ ఐడీ (ఆ మెసేజ్ గుర్తింపు నంబరు) పడేలా పెట్టుకోవచ్చు, ఒక ఇన్వాయిస్ కథ మొత్తం ఒక్క గ్రెప్‌తో (లాగ్‌లో వెతికే కమాండ్‌తో) వచ్చేస్తుంది. ‘మా వైపు అంతా ఓకే, మీ వైపే చూసుకోండి’ అనే కాన్ఫరెన్స్ కాల్స్‌లో ఈ పట్టిక తీసి పెడితే వాదన అక్కడితో ముగుస్తుంది. నాకు దీని మీద ఉన్న ప్రేమలో సగం ఇందుకే. పాత వెర్షన్లలో ఒక చిరాకు ఉండేది, హెచ్‌టీటీపీ నుంచి వచ్చిన బాడీని (మెసేజ్‌లోని అసలు డేటాని) లాగ్‌లో ప్రింట్ చేస్తే తర్వాతి స్టెప్‌కి ఖాళీ బాడీ వెళ్లేది, లాగ్ లైన్ తీసేస్తే పనిచేసేది. 3.17 నుంచి స్ట్రీమ్ క్యాషింగ్ (ఆ డేటాని మళ్లీ చదవగలిగేలా దాచుకోవడం) డిఫాల్ట్‌గా ఆన్ అయింది, ఆ పీడ పోయింది. జేబ్యాంగ్ అనే చిన్న టూల్‌తో ఒక యామల్ ఫైలు రాసి ప్రాజెక్టు ఏమీ లేకుండా రన్ చేసి చూసుకోవడం కూడా బాగుంది, అవతలి సర్వర్ పలుకుతోందో లేదో తెలుసుకోడానికి నేను దాన్నే వాడతా.

నచ్చనిది డాక్యుమెంటేషన్. అన్నీ ఉంటాయి, కానీ ఒక్కో కాంపోనెంట్‌కి పదుల కొద్దీ ఆప్షన్లు ఒకే పట్టికలో, ఏది ముఖ్యమో చెప్పేవాళ్లు లేరు. కొత్తగా చేరిన పిల్లలు అక్కడే బెదిరిపోతారు. నేను వాళ్లకి ముందు ఫైలు, హెచ్‌టీటీపీ, ఎర్రర్ హ్యాండ్లర్ పేజీలు మూడే చదివిస్తా.

ఇంకా క్యామెల్ వెర్షన్ 2 మీద ఉన్నవాళ్లు ఇక్కడ కొంతమందే కాదు, చాలామందే ఉన్నారు. నేరుగా 4కి దూకొద్దు. జావా 8 మీద ఉంటే ముందు 3.14కి రండి, జావా 8 మీద నడిచే చివరి వెర్షన్ అదే, అక్కడ రూట్లన్నీ నిలదొక్కుకున్నాక జావా 17 వేసుకుని 4కి వెళ్లండి, అప్పుడు కోడ్‌లో జావాఎక్స్ అని మొదలయ్యే లైబ్రరీ పేర్లు చాలా జకార్తాగా మార్చే పని కూడా ఉంటుంది. పట్టుబడులు లేని నెల చూసుకుని పెట్టుకోండి, మార్చి ఆఖరు వారంలో మాత్రం ఎవరు బతిమాలినా ముట్టుకోకండి.