ఉద్యోగం మానకుండా యూనిఫాం: టెరిటోరియల్ ఆర్మీయా, హోంగార్డా, అగ్నివీరా?

పోయిన నెల ఒక ఆదివారం అలిపిరి దగ్గర టీ తాగుతుంటే మా అక్క కొడుకు అడిగాడు. "మామా, ఉన్న ఉద్యోగం ఇడిసిపెట్టకుండానే మిలిటరీలో చేరొచ్చంట గదా, నిజమేనా?" వాడికి 26 ఏళ్లు. బీటెక్ చేసి రేణిగుంట పక్కన ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌గా ఉన్నాడు. వాడి తమ్ముడికి 19, డిగ్రీ రెండో ఏడాది, మనసంతా అగ్నివీర్ మీదే. మా వీధి హోంగార్డు అన్న కూడా రాత్రి డ్యూటీ దిగి వచ్చి మా పక్కనే కూర్చున్నాడు. మూడు దారులూ ఒకే బెంచీ మీదికి వచ్చినట్టయింది.

నేను సైనికుణ్ణి కాను. కాలేజీలో ఎన్‌సీసీ చేసి సి సర్టిఫికెట్ తెచ్చుకున్నాను, అంతే. క్యాంపులో పాయింట్ 22 రైఫిల్‌తో గురి బాగా కుదిరిందని వారం రోజులు కాలర్ ఎగరేసుకుని తిరిగాను. ఇప్పుడు అదే తుపాకీ చేతికిస్తే బోల్టు ఎటు లాగాలో ఒక్క క్షణం ఆలోచించాలి. కాబట్టి వీటిని పోల్చేటప్పుడు నేను ముందు జీతం చూడను. నేర్చుకున్నది మరిచిపోనీయకుండా మనిషిని పట్టి ఉంచేది ఏది? నా లెక్క అదే.

అగ్నివీర్ సంగతి త్వరగా తేలిపోతుంది. 2022 జూన్‌లో ప్రకటించిన ఈ పథకం పార్ట్‌టైం కాదు, నాలుగేళ్ల పూర్తికాలపు కొలువు. ఆ తర్వాత బ్యాచ్‌లో 25 శాతం వరకే రెగ్యులర్ సర్వీసులోకి తీసుకుంటారు. మిగతావాళ్లు సుమారు 11.71 లక్షల సేవానిధితో బయటికి వస్తారు. అందులో సగం తమ జీతంలోంచి కోసిందే అని చాలామందికి తెలియదు. పింఛను లేదు. ట్రైనింగ్ మాత్రం గట్టిది, రోజూ చేసే పని కాబట్టి మరిచిపోయే ప్రశ్నే లేదు. పెద్దవాడికి వయసు దాటిపోయింది. చిన్నవాడికి సరిపోతుంది, నాలుగేళ్ల తర్వాత ఏం చేయాలో ఇప్పుడే ఆలోచించుకోగలిగితే.

హోంగార్డు గురించి మాట్లాడాలంటే మా అన్న ముందు కొంచెం మొహమాటమే. 1946 డిసెంబరు 6న బొంబాయిలో ఈ దళం మొదలైనప్పుడు ఉద్దేశం వేరు. ఎవరి పని వాళ్లు చేసుకుంటూ, అల్లర్లో ఆపదో వస్తే పోలీసులకు తోడుగా నిలబడే స్వచ్ఛంద సేవకులు వీళ్లు. 1962 చైనా యుద్ధం తర్వాత దేశమంతా విస్తరించారు. ఇప్పుడు మన ఊళ్లో చూడండి: ట్రాఫిక్ కూడలిలో వాళ్లే, బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవ రోజున తాడు పట్టుకునేది వాళ్లే, గంగమ్మ జాతర బందోబస్తులోనూ వాళ్లే. పేరుకు స్వచ్ఛంద సేవ, పని మాత్రం రోజూ, కూలి రోజు లెక్కన. 2015లో సుప్రీంకోర్టు హిమాచల్ హోంగార్డుల కేసులో ఒక మాట తేల్చి చెప్పింది. నెలకు 30 రోజులు లెక్కగడితే పోలీసుకు వచ్చే కనీస జీతానికి తగ్గకుండా డ్యూటీ అలవెన్సు ఇవ్వాలంది. అంటే చేసిన డ్యూటీకి పోలీసుకన్నా తక్కువ కూలి ఇవ్వకూడదని కోర్టుకు కూడా అర్థమైంది.

నైపుణ్యం మాటకొస్తే అన్నకు వంక పెట్టలేం. 2025 జనవరిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయిన ఊరు ఇది. జనాన్ని నిలబెట్టడం చిన్న పని అని ఇక్కడ ఎవరూ అనరు. ఆ పని ఆయనకు ఏ క్యాంపూ నేర్పలేదు, పదేళ్ల రోడ్డు నేర్పింది. మరి ఉత్సాహం? "పిల్లోళ్ల ఫీజులు కట్టేటప్పుడు ఉత్సాహం యాడుంటాది సామీ" అన్నాడు. చేతిలో ఉద్యోగం ఉన్నవాడు ఇటు రావడంలో అర్థం లేదు. వస్తే ఉన్నదీ పోతుంది.

ఇక టెరిటోరియల్ ఆర్మీ, అంటే బయట ఉద్యోగం చేసుకుంటూనే పనిచేసే సైన్యపు పార్ట్‌టైం విభాగం. జవాన్లంతా పిలిచేది టీఏ అని. చట్టం 1948లో వచ్చింది, 1949 అక్టోబరు 9న అప్పటి గవర్నర్ జనరల్ రాజాజీ దీన్ని ప్రారంభించారు. వయసు 18 నుంచి 42. ఆఫీసరుగా వెళ్లాలంటే డిగ్రీ ఉండాలి, దాంతోపాటు బయట సంపాదన ఉండాలి. నాకు బాగా నచ్చిన షరతు ఇదే. ఉద్యోగం కోసం వచ్చేవాణ్ణి ముందే వడపోస్తుంది. శిక్షణలో ఉన్నప్పుడు, సర్వీసులోకి పిలిచినప్పుడు మాత్రమే జీతం, అదీ రెగ్యులర్ ఆఫీసర్లతో సమానంగా. మిగతా రోజుల్లో సైన్యం నుంచి రూపాయి రాదు. పింఛను వస్తుందన్న భరోసా కూడా లేదు. డబ్బు కోసం చేరేవాడికి ఇక్కడ పెద్దగా పనిలేదు. కాబట్టి చేరినవాడు ఎందుకు చేరాడని అడిగితే జవాబు కొంచెం నిజాయితీగానే ఉంటుంది.

ట్రైనింగ్ దగ్గర మాత్రం నాకు అనుమానాలున్నాయి. మామూలు యూనిట్లలో మొదటి ఏడాది 30 రోజుల ప్రాథమిక శిక్షణ, ఆపైన ఏటా రెండు నెలల క్యాంపు. నగర యూనిట్లకైతే శని, ఆదివారాల్లో కూడా శిక్షణ ఉంటుంది, అక్కడ నాలుగు గంటలను ఒక రోజుగా లెక్కిస్తారు. కమిషన్ వచ్చిన ఆఫీసర్లకు మరికొన్ని వారాల శిక్షణ. రెండు నెలలు ఏకబిగిన నేర్చి, పది నెలలు ఫ్యాక్టరీ లెక్కల్లో మునిగితే ఏం మిగులుతుంది? మొక్కు కోసం ఏడాదికోసారి అలిపిరి మెట్లు ఎక్కేవాణ్ణి చూడండి. గాలిగోపురం చేరేసరికి తొడలు పట్టేస్తాయి, ఇంటికొచ్చాక మూడు రోజులు మెట్లు దిగలేడు. వారానికోసారి ఎక్కే రిటైర్డ్ టీచర్లు మోకాళ్ల మిట్ట దగ్గర కూడా కబుర్లు చెప్పుకుంటూ పోతుంటారు.

బయటి దేశాలు ఈ చిక్కును వేరేగా విప్పుకున్నాయి. అమెరికా నేషనల్ గార్డ్‌లో చేరినవాడు ముందు రెగ్యులర్ సైనికుడితో సమానంగా పది వారాల ప్రాథమిక శిక్షణ పూర్తి చేయాలి. ఆ తర్వాతే నెలకో వారాంతం, ఏడాదికి రెండు వారాలు. బ్రిటన్‌లో చాలా రిజర్వు యూనిట్లకు ఏడాదికి 27 రోజుల హాజరు ఉండాలి, వార్షిక పరీక్షలు పాసవ్వాలి. అప్పుడే పన్ను లేని బౌంటీ, అంటే ప్రోత్సాహక సొమ్ము, చేతికొస్తుంది. హాజరు పట్టీ, పరీక్ష, డబ్బు మూడింటినీ ఒకే ముడి వేశారు. మన టీఏలో రోజుల లెక్క వాళ్లకన్నా ఎక్కువే, కానీ ఆ పది నెలల ఖాళీని నింపే బాధ్యత మాత్రం మనిషి మీదే పడుతుంది.

అయితే టీఏను వీకెండ్ సరదా అనుకుంటే పొరపాటే. ఈ జవాన్లు 1962, 1965, 1971 యుద్ధాల్లో ఉన్నారు. ఇన్‌ఫాంట్రీ (కాల్బలం) బెటాలియన్లలో చాలామందిని కశ్మీర్‌కో ఈశాన్యానికో ఏళ్ల తరబడి పిలిపించుకుంటారు. అలా పనిచేసి వచ్చినవాడికీ రెగ్యులర్ జవానుకూ తేడా కనిపెట్టడం కష్టం. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ సమయంలో టీఏ వాళ్లను పిలిచే అధికారాన్ని కేంద్రం ఆర్మీ చీఫ్‌కు ఇచ్చింది. 32 ఇన్‌ఫాంట్రీ బెటాలియన్లలో 14 బెటాలియన్లను సర్వీసులోకి పిలవాలన్నది ఆ ఉత్తర్వు. అంతవరకు సూపర్‌వైజర్‌గా ఉన్నవాడు పిలుపు రాగానే సైనికుడు కావాలి. ఆ రోజు క్యాంపులో నేర్చింది గుర్తుందా లేదా అన్నది కాగితం మీద తేలేది కాదు.

మావాడు క్రికెటర్ ధోనీ పేరెత్తాడు. సరే, ఆ ఉదాహరణే తీసుకుందాం. 2011లో ఆయనకు టీఏలో లెఫ్టినెంట్ కర్నల్ హోదా గౌరవంగా ఇచ్చారు, పరీక్ష లేదు. కానీ పారాట్రూపర్ రెక్కల బ్యాడ్జి కోసం 2015లో ఆగ్రాకు వెళ్లి విమానంలోంచి ఐదుసార్లు దూకాల్సి వచ్చింది. గౌరవంగా ఇచ్చిన హోదా భుజం మీద ఉంటుంది, దూకి తెచ్చుకున్నది గుండె మీద ఉంటుంది. నువ్వు దేనికోసం పోతున్నావురా అని అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

అసలు చిక్కు తుపాకీతో కాదు, సెలవుతో. టీఏ సేవకు పిలిచినప్పుడు యజమాని తిరిగి పనిలో పెట్టుకోవాలని చట్టంలో ఉంది. ప్రభుత్వ ఉద్యోగికి అది చాలావరకు సాగుతుంది. ప్రైవేటు ఫ్యాక్టరీలో ఏటా రెండు నెలలు షిఫ్టు ఖాళీ పెడితే పైకి ఏమీ అనరు, ప్రమోషన్ల జాబితాలో పేరు కనిపించదంతే. ఉత్సాహంగా చేరినవాళ్లు మూడో ఏట, నాలుగో ఏట జారిపోవడానికి భయమో బద్ధకమో కారణమని నేననుకోను. మేనేజరు ముఖం చూడలేకనే జారిపోతారు.

నా ఓటు పెద్దవాడికి టీఏకే. రెండు షరతులు పెట్టాను. సెలవు సంగతి రాతపూర్వకంగా తేల్చుకోవాలి, క్యాంపు లేని పది నెలలు సొంతంగా ఒంటిని వంచాలి. ఆఫీసరు కావాలంటే రాతపరీక్ష, ఇంటర్వ్యూ, ఆ తర్వాత ఎస్‌ఎస్‌బీ (ఆఫీసర్లను ఎంపిక చేసే బోర్డు) పరీక్షలు ఉంటాయి కాబట్టి ఊరికే అప్లికేషన్ పడేస్తే అయ్యేది కాదని కూడా చెప్పాను. చిన్నవాడు అగ్నివీర్‌కు వెళ్లొచ్చు, డిగ్రీ మాత్రం మధ్యలో వదలకూడదు. హోంగార్డు అన్న టీ డబ్బులు తనే ఇస్తానని పట్టుబట్టి ఇచ్చేశాడు, మళ్లీ రాత్రికి డ్యూటీ ఉందంటూ లేచాడు.

సోమవారం హెచ్‌ఆర్ వాళ్లను అడిగి చెప్తానన్నాడు మావాడు. నాలుగు సోమవారాలు అయిపోయాయి, ఇంకా అడగలేదు. కానీ మంగళవారం, శుక్రవారం తెల్లవారుజామున అలిపిరి మెట్లు మాత్రం ఎక్కుతున్నాడు.