ఆ సోడా రాకెట్టు కిట్టు కొనకండి, ఇప్పటికే కొన్నవారు దాని మూత వాడకండి

కోనసీమలోనూ, ఇటు పాలకొల్లు, నరసాపురం వైపూ పిల్లల తల్లిదండ్రుల గ్రూపులన్నిటిలో తిరుగుతున్న ఆ సోడా రాకెట్టు కిట్టు గురించి ఇది రాస్తున్నాను. అమ్మేవారి పేరు నేను చెప్పనక్కరలేదు. కొబ్బరిచెట్ల మీదుగా సీసా దూసుకుపోతున్న ఆ ఎర్ర పెట్టె బొమ్మను చూడనివారు మనలో లేరు. ఫిబ్రవరి 28న జాతీయ సైన్సు దినోత్సవానికి బడిలో ప్రదర్శన ఉందని మా అమ్మాయి కోసం 650 రూపాయలు పెట్టి తెప్పించాము. నిన్న సాయంత్రం పెరట్లో అది పైకి లేవలేదు, పక్కకు పగిలింది. సీసా ముక్క ఒకటి పాప కనుబొమను చీల్చింది. కంటికి ప్రమాదం లేదని డాక్టరుగారు చెప్పేవరకు మా ఇంట్లో ఎవరికీ ప్రాణం కుదుటపడలేదు.

ఈ ప్రయోగం చెడ్డదని నేను అనడం లేదు. సరైన సామాను ఇస్తే పిల్లలకు ఇంతకంటే మంచి పాఠం ఉండదు. కూల్‌డ్రింకులో ఒత్తిడి పెట్టి కరిగించిన కార్బన్ డయాక్సైడు ఉంటుంది. అందులో మెంటోస్ వంటి పిప్పరమెంటు బిళ్ళ వేస్తే, దాని పైనున్న కంటికి ఆనని గుంటల్లో బుడగలు పుట్టి, ఆ వాయువంతా ఒక్కసారిగా బయటికి వస్తుంది. సీసాకు బిరడా పెట్టి తలకిందులుగా నిలబెడితే, లోపలి ఒత్తిడి బిరడాను తోసేస్తుంది, నురగ కిందికి చిమ్ముతుంది, సీసా పైకి లేస్తుంది. న్యూటన్ మూడో సూత్రం పిల్లల కళ్ళముందే కనిపిస్తుంది. అయితే ఇదంతా భద్రంగా జరగాలంటే బిరడా ముందుగా ఊడాలి, సీసా మాత్రం గట్టిగా నిలబడాలి. ఈ కిట్టులో సరిగ్గా ఆ రెండూ తారుమారు చేశారు.

పెట్టె మీద బొమ్మలో ఉన్నది అసలైన కూల్‌డ్రింకు సీసా. మూత బిగించి ఉన్నప్పుడు మామూలు వేడిలోనే దాని లోపలి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికి మూడు నాలుగు రెట్లు ఉంటుంది కాబట్టి, దాన్ని మందంగా, అడుగున ఐదు బుడిపెలతో చేస్తారు. పెట్టెలోపల వచ్చింది మాత్రం వేలితో నొక్కితే సొట్టపడే మంచినీళ్ళ సీసా. మెత్తటి బిరడాకు బదులు మెలితిప్పి బిగించే గట్టి ప్లాస్టిక్కు మూత ఇచ్చారు. బిళ్ళలకు బదులు పేరైనా లేని తెల్లపొడి పొట్లం పెట్టారు. కళ్ళద్దాలు బొమ్మలో ఉన్నాయి, పెట్టెలో లేవు. వీటన్నిటికీ మించి, ఇంట్లో ఉన్న ఏ కూల్‌డ్రింకు సీసాతోనైనా మళ్ళీ చేసుకోవచ్చని కాగితం మీద అచ్చువేశారు. రామచంద్రపురం ఆర్టోస్ కూల్‌డ్రింకు గాజు సీసాలు పెళ్ళిళ్ళలో చూస్తూ పెరిగిన ఊళ్ళు మనవి. ఆ మాట నమ్మి ఏ పిల్లవాడైనా గాజు సీసాతో ఇది చేస్తే ఏమవుతుందో తలచుకుంటేనే నాకు చేతులు వణుకుతున్నాయి.

ఇంత జరిగాక అమ్మినాయనకు ఫోను చేస్తే, కనీసం బిడ్డకు ఎలా ఉందని అడుగుతారనుకున్నాను. ఆయన అడగలేదు. డబ్బు సంగతి నేను ఇంకా ఎత్తకముందే, “కన్ను బాగానే ఉందంటున్నారు కదమ్మా, మరి డబ్బులు వెనక్కి దేనికండీ?” అన్నారు. మూత అంత బిగుతుగా ఎందుకు పెట్టారని అడిగితే, బిగుతుగా ఉంటేనే ఎత్తుకు వెళ్తుందనీ, కొనేవాళ్ళందరూ ఎత్తే అడుగుతారనీ చెప్పారు. ఆ తరువాత, నన్ను సముదాయిస్తున్నట్టుగా, “రావులపాలెంలో కూడా ఒకరిది ఇలాగే పగిలిందండీ, వాళ్ళేమీ గొడవ చెయ్యలేదు” అన్నారు. ఆ మాట విన్నప్పటినుంచి నాకు నిద్ర లేదు. అంటే మాకు పెట్టె పంపేనాటికే ఆయనకు తెలుసు. ఒక ఇంట్లో ఈ సీసా పగిలిందని తెలిసి కూడా, అదే సీసా, అదే మూత పెట్టి, మీద పిల్లల బొమ్మ అంటించి మా ఇంటికి పంపారు. వస్తువు నాసిగా ఉండటం వేరు, తెలిసి అమ్మడం వేరు. నేను ఫోటోలు పెట్టిన కాసేపటికే వాటిని తీసేసి, నన్నూ గ్రూపులోంచి తీసేశారు. మాలాగే తెప్పించుకున్న మిగతా తల్లులకు ఆ సంగతి చేరకూడదనే కదా అలా చేసింది!

ఇప్పటికే కొన్నవారు ఆ మూతనూ, పొడినీ దయచేసి ముట్టుకోవద్దు. ప్రదర్శన మానలేకపోతే అసలైన కూల్‌డ్రింకు ప్లాస్టిక్కు సీసా, చేత్తో లాగితే ఊడివచ్చే మెత్తటి బిరడా వాడండి, కళ్ళద్దాలు పెట్టించండి, పిల్లలను బాగా దూరంగా నిలబెట్టండి. పద్నాలుగేళ్ళలోపు పిల్లల ఆటవస్తువులకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. ఈ పెట్టె మీద అది ఎక్కడా లేదు. నేను వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫిర్యాదు చేశాను. వస్తువుకు చెల్లించిన సొమ్ము 5 లక్షలు దాటకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు రుసుము కూడా ఉండదు. రావులపాలెంలో సీసా పగిలిన ఆ ఇంటివారు ఎవరో నాకు తెలియదు. వారు గానీ, వారిని ఎరిగినవారు గానీ ఇది చదివితే, ఆ పెట్టె, పగిలిన ముక్కలు పారేయకుండా ఉంచి నాకు కబురు చేయమని కోరుతున్నాను.