పక్కింటి వైఫైలో వాటా తీసుకునే ముందు ఇది చదవండి

మేముండేది అమలాపురం దగ్గర పల్లెలో. చుట్టూ కొబ్బరితోటలు, మాది డాబా ఇల్లు. లోపలికొస్తే ఫోన్లో సిగ్నల్ ఒక గీత కూడా నిలవదు. రెండేళ్ల క్రితం పక్కింటి పిన్నిగారు వాళ్లు నెట్ పెట్టించుకున్నప్పుడు, "మీకు విడిగా ఎందుకమ్మా, నెలకి 250 ఇచ్చేయండి, మాదే వాడుకోండి" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు, మేమూ సంతోషంగానే ఒప్పుకున్నాం. మా వీధిలో ఇలా వాటాల మీద వాడుతున్న ఇళ్లు ఇంకో నాలుగైదున్నాయి. మీ ఊళ్లోనూ ఉండే ఉంటాయి. అందుకే సిగ్గు పక్కన పెట్టి జరిగింది రాస్తున్నాను.

మొన్న మాఘమాసంలో నాకు రొమ్ములో చిన్న గడ్డలాంటిది చేతికి తగిలింది. మా ఆయనకి తప్ప ఎవరికీ చెప్పలేదు. అత్తగారికి బీపీ ఉంది, పరీక్షలయ్యాక నెమ్మదిగా చెబుదామనుకున్నాను. రాత్రిళ్లు అందరూ పడుకున్నాక ఫోన్లో క్యాన్సర్ ఆసుపత్రుల సైట్లు చూసేదాన్ని. ఇన్‌కాగ్నిటోలోనే చూశాను కాబట్టి ఎవరికీ తెలియదని ధైర్యం.

నాలుగు రోజులకి డాబా మీద వడియాలు పెడుతున్నాం. పాత పంచె పరిచి మూలల్లో ఇటుకలు పెట్టాం. పిట్టగోడ అవతల నుంచి పిన్నిగారు, "ఏంటమ్మాయ్, మీ ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాలేదా? మావాడి ఫోన్లో నీ పేరు పక్కన ఏదో క్యాన్సర్ ఆసుపత్రి అని కనబడిందంట, కంగారుపడ్డాం" అన్నారు. ఆవిడ గొంతులో ఆదుర్దా తప్ప ఇంకేమీ లేదు. కానీ అత్తగారి చేతిలో గరిటె గాల్లోనే ఆగిపోయింది. పిండి చుక్కలు చుక్కలుగా పంచె మీద కారుతోంది. ఆ మాట ఆవిడకి నేను చెప్పాల్సింది, నా పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాల్సింది.

కాకినాడ వెళ్లి స్కానింగ్, సూది పరీక్ష చేయించుకున్నాం. భయపడాల్సింది కాదని తేలింది. కానీ ఆ పది రోజులూ అత్తగారు సరిగ్గా అన్నం తినలేదు. అది నేను మర్చిపోలేను.

ఎలా కనబడిందో పిన్నిగారి అబ్బాయే చూపించాడు. వాళ్ల పిల్లాడు రాత్రిళ్లు గేములు ఆడకుండా ఆపడానికి రౌటర్‌కి, అంటే వైఫై ఇచ్చే పెట్టెకి, సంబంధించిన యాప్ పెట్టుకున్నాడు. అందులో ఆ వైఫైకి తగిలిన ప్రతి ఫోనూ, అది ఏ సైటుకి ఎప్పుడు వెళ్లిందీ వరసగా వస్తుంది. నా ఫోన్‌కి నేనే నా పేరు పెట్టుకున్నాను, ఆ పేరే అక్కడుంది. పక్కన ఆసుపత్రి సైటు, రాత్రి 11:40. కిందకి జరిపితే మా మరిది చూసిన ఉద్యోగాల సైట్లు, మా ఆయన బంగారం లోను కోసం తెరిచిన బ్యాంకు. మా ఇంటి గుట్టంతా ఒక్క తెర మీద ఉంది. అతను దొంగతనంగా చేసింది కాదు, అది మాత్రం చెప్పాలి.

ఇన్‌కాగ్నిటో అంటే మన ఫోన్లో హిస్టరీ మిగలదు, అంతే. రౌటర్‌కి దానితో పనిలేదు. సైటు పక్కన తాళం గుర్తు ఉంటే మనం లోపల చదివిన పేజీ, కొట్టిన పాస్‌వర్డు పక్కవాళ్లకి కనబడవు. కానీ సైటు పేరు మాత్రం కనబడుతుంది. ఆసుపత్రి పేరు తెలిశాక లోపల ఏం చదివామో తెలియాల్సిన పనేముంది?

తర్వాత నేను అడిగి తెలుసుకున్నవి ఇంకా భయపెట్టాయి. వాళ్ల రౌటర్ సెట్టింగుల పేజీకి పాస్‌వర్డు కొన్నప్పుడు వచ్చిన "అడ్మిన్" అనే మాటే, రెండేళ్లుగా మార్చలేదు. అంటే వైఫై దొరికిన ఎవరైనా ఫోన్లో 192.168.1.1 లాంటి రౌటర్ చిరునామా కొట్టి లోపలికి వెళ్లొచ్చు. అక్కడ డీఎన్ఎస్ అనేదొకటి, అంటే సైటు పేరు కొడితే దాని అసలు చిరునామా వెతికిపెట్టేది, మారిస్తే మనం బ్యాంకు పేరు కొట్టినా దొంగ పేజీకి తీసుకెళ్లొచ్చు. అప్పుడు చాలాసార్లు బ్రౌజర్ హెచ్చరిక చూపిస్తుంది, దాన్ని దాటుకుని మాత్రం వెళ్లకండి. ఇక ఆ వైఫై పాస్‌వర్డు ఎంతమంది దగ్గరుందో లెక్కే లేదు. ట్యూషన్‌కొచ్చే పిల్లలు, పెళ్లికొచ్చిన చుట్టాలు, అందరూ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసుకున్నవాళ్లే. మా టీవీలో ఒకరోజు ఉన్నట్టుండి ఎవరిదో యూట్యూబ్ వీడియో మొదలైంది, అప్పట్లో అందరం నవ్వుకున్నాం. ఒకే వైఫైలో ఉంటే మన టీవీ, కెమెరా కూడా వాళ్ల ఫోన్లకి దొరుకుతాయని అప్పుడు తట్టలేదు.

వైఫై ఇచ్చేవాళ్లకీ ఒక మాట. 2008 జూలైలో అహ్మదాబాద్ పేలుళ్లప్పుడు బాధ్యులమంటూ వచ్చిన మెయిల్ నవీ ముంబైలో ఒకాయన ఇంటి వైఫై నుంచి వెళ్లింది. పోలీసులు ముందు వెళ్లింది ఆయన ఇంటికే. కనెక్షన్ ఎవరి ఆధార్ మీద ఉంటే మొదటి ప్రశ్న వాళ్లకే. ఇది చెప్పాక పిన్నిగారు భయపడి, ఆ సాయంత్రమే అబ్బాయి చేత పాస్‌వర్డులు రెండూ మార్పించారు.

తప్పనిసరై వాటా తీసుకుంటే, "గెస్ట్ నెట్‌వర్క్ ఆన్ చేసి అది ఇవ్వండి" అని మొహమాటం లేకుండా అడగండి. చాలా రౌటర్లలో ఉంటుంది, దాంతో మన టీవీ, ఫోన్లు వాళ్లవాటితో కలవవు. కాకపోతే రౌటర్ వాళ్లదే కాబట్టి సైట్ల పేర్లు అప్పటికీ వాళ్లకి కనబడొచ్చు. ఫోన్ సెట్టింగుల్లో ప్రైవేట్ డీఎన్ఎస్ పెడితే కొంత తగ్గుతుంది, పూర్తిగా కాదు. వీపీఎన్, అంటే మన నెట్‌ని వేరే కంపెనీ దారి గుండా మూసి పంపే యాప్, అయితే దాస్తుంది గానీ, అప్పుడు ఆ వీపీఎన్ కంపెనీకి కనబడతాయి. ఊరికే వచ్చే వీపీఎన్‌లని నేను నమ్మను. బ్యాంకు పని, ఆరోగ్యం సంగతి అయితే డాబా మీదకెళ్లి మొబైల్ డేటా మీద చూసుకోండి. ఫోన్‌కి మీ పేరు తీసేయండి. ఎక్కడైనా డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

మేం ఇప్పుడు సొంతంగా పెట్టించుకున్నాం. నెలకి 150 ఎక్కువవుతోంది, కొబ్బరిచెట్ల మీదుగా ఇంకో వైరు వచ్చింది. పిన్నిగారితో రాకపోకలు ఎప్పటిలాగే ఉన్నాయి. ఒకటి మాత్రం చూసుకోలేదు. ఫోన్లలో పాత వైఫైని "ఫర్గెట్" కొట్టాం గానీ, అత్తగారి గదిలో టీవీ ఇంకో మూడు వారాలు వాళ్లదాని మీదే నడిచింది. వాళ్లు పాస్‌వర్డు మార్చినప్పుడు, ఆవిడ సీరియల్ ఆగిపోకూడదని అబ్బాయే వచ్చి కొత్తది కొట్టి వెళ్లాడట. మీరు మారితే టీవీ, పాత ట్యాబ్, కెమెరా కూడా ఒక్కొక్కటీ చూడండి.