డయాంథస్ బానే ఉంది, దాంతో అంటగట్టిన కుండీయే బాలేదు

హైదరాబాద్‌లో మా కాలనీ చివర ఉన్న నర్సరీలో పోయిన నవంబర్లో ఆరు డయాంథస్ మొక్కలు కొన్నాను. ఒక్కోటి 50 రూపాయలు, వాటితోపాటు ఇంట్లో పెట్టుకోడానికని 350 పోసి ఒక తెల్ల పింగాణీ తొట్టి. మొక్కలకి నాలుగు స్టార్లు. తొట్టికి సున్నా. అమ్మిన కుర్రాడి సలహాకి మైనస్ ఇచ్చే వీలుంటే అదీ ఇచ్చేదాన్ని.

"అక్కా, ఇది ఇండోర్ మొక్క, హాల్లో టీవీ పక్కన పెట్టుకోండి, రోజూ గ్లాసుడు నీళ్ళు పోస్తే చాలు" అన్నాడు. నేనూ నమ్మేశాను, అప్పటికే పూలు చూసి పడిపోయి ఉన్నాను మరి. గులాబీరంగు రేకులు, మధ్యలో ముదురు ఎరుపు వలయం, అంచులు చూస్తే ఎవరో కూర్చుని కత్తెరతో చిన్న చిన్న గాట్లు పెట్టినట్టు ఉంటాయి. బొకేల్లో కనిపించే కార్నేషన్‌కి ఇది దగ్గరి చుట్టం. అలాగని వాసన మాత్రం ఆశించకండి, మన నర్సరీల్లో ఎక్కువగా దొరికే చైనా రకానికి అది పెద్దగా ఉండదు.

పది రోజులకే రెండు మొక్కలు పోయాయి. ఆకులు వేలాడుతుంటే నీళ్ళు చాలలేదేమోనని ఇంకో గ్లాసు పోశాను, అక్కడే నా తెలివి తెల్లారింది. మర్నాడు ఒకదాన్ని పట్టుకుని ఇలా కదిపానో లేదో మొదలు దగ్గర ఊడి చేతికొచ్చేసింది, వేర్లు మట్టిలోనే ఉండిపోయాయి, ఒకటే మురుగు వాసన. తొట్టి వంచి చూస్తే అడుగున చిల్లే లేదు! రెండు వేళ్ళ ఎత్తున నీళ్ళు నిలిచి ఉన్నాయి. దానికి తోడు మొక్కలు వచ్చిన మట్టి నల్లటి బంక ముద్ద, ఆరితే రాయి, తడిస్తే జిగురు.

మిగిలిన నాలుగింటినీ బయటికి తీసి, ఆ ముద్దని బకెట్ నీళ్ళలో నానబెట్టి వేర్లు తెగకుండా మెల్లగా విడదీశాను. ఎర్రమట్టి, ఇసుక, వర్మీకంపోస్ట్ సమపాళ్ళలో కలిపి, చిల్లులున్న 8 అంగుళాల ప్లాస్టిక్ కుండీలు రెండింట్లో రెండేసి నాటాను, మొదలు మట్టిలో కూరుకుపోకుండా చూసుకుంటూ. ఒక కుండీ తూర్పు కిటికీలో పెట్టాను, అక్కడ పొద్దున ఏడు నుంచి పదకొండున్నర దాకా ఎండ పడుతుంది. రెండోది, కుర్రాడి మాట కూడా తేల్చేద్దామని, టీవీ పక్కనే ఉంచాను.

సంక్రాంతికల్లా తేలిపోయింది. కిటికీలోది గుబురుగా కమ్ముకుని రోజూ రెండు మూడు పూలు విప్పుతోంది. హాల్లోది సన్నగా సాగిపోయి, కిటికీ వైపు మెడ చాచి, ఉన్న నాలుగు మొగ్గల్ని కూడా విప్పకుండానే ఎండగొట్టేసింది. దాన్నీ ఎండలోకి మార్చాక నెలకి కోలుకుంది. చుట్టాలొస్తే రెండు రోజులు హాల్లో పెట్టి మళ్ళీ కిటికీకి చేర్చడమే, ఈ మొక్కకి ఇండోర్ అంటే అంతవరకే. నీళ్ళు కూడా మట్టిలో వేలు పెట్టి చూసి, ఒక కణుపు లోతు పొడిగా ఉంటేనే పోస్తున్నాను, చలికాలంలో మూడు రోజులకోసారి సరిపోయింది. మా బోరు నీళ్ళు సున్నపు నీళ్ళు, దాంతో మల్లె ఆకులు పసుపెక్కుతాయి, దీనికి మాత్రం ఏమీ కాలేదు. వాడిన పువ్వుని కాడతో సహా కణుపు పైన తుంచేస్తే పక్క నుంచి కొత్త చిగురు వస్తుంది, బద్ధకించి వదిలేస్తే గింజ కట్టి పూత తగ్గిపోతుంది. ఫిబ్రవరిలో ఆకుల కింద సాలెగూడులా సన్నటి బూజు కనబడింది, అది ఎర్రనల్లి అనే చిన్న పురుగు పని. లీటరు నీళ్ళలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, ఒక చుక్క లిక్విడ్ సబ్బు కలిపి మూడుసార్లు కొట్టాక పోయింది.

జనవరిలో ఎరువు కోసం వెళ్ళినప్పుడు ఓనర్ గారు కనిపిస్తే అంతా చెప్పాను. పెద్దాయన, మర్యాదగానే విన్నారు. "ఇది ఎండ మొక్క తల్లీ, అందులోనూ చలికాలందే, మావాడు కొత్త" అని ఇంకో రెండు మొక్కలు ఊరికే ఇచ్చారు. మొక్కలన్నీ కడియం నుంచి లారీలో వస్తాయట, దారిలో వేర్ల ముద్ద విడిపోకుండా ఆ బంకమట్టట. తొట్టి మాత్రం వెనక్కి తీసుకోలేదు, అది పై అందానికేనట, లోపల చిల్లుల కుండీ పెట్టి వాడాలట. ఆ ముక్క అమ్మేటప్పుడు చెప్పొచ్చుగా! ఇప్పుడందులో గరిటెలు పెట్టుకుంటున్నాను.

మార్చి దాటాక ఎండలకి మొక్కలన్నీ ఎండిపోయాయి, అందులో నర్సరీ తప్పేం లేదు. ఈసారి కూడా అక్కడే కొంటాను, కాకపోతే అక్టోబర్ చివర్లోనే వెళ్ళి, పూలు విరగబూసినవి కాకుండా మొగ్గ ఎక్కువున్నవి ఏరుకుని, మొదలు వేలితో నొక్కి మెత్తగా ఉంటే పక్కన పెట్టేస్తాను. ఆ కుర్రాడు ఎదురొస్తే మాత్రం నేరుగా పెద్దాయన దగ్గరికే పోతాను.