అంజయ్య దారా, నాయిని దారా: కార్మిక నాయకుడికి ఏది మేలు?

యూనియన్‌లో పేరు తెచ్చుకున్నవారు ఎన్నికలు దగ్గరపడగానే అడిగే ప్రశ్న ఒకటుంది: అధికార పార్టీలో ఎదిగి పదవి అందుకోవడం మేలా, ప్రతిపక్షంలో ఉంటూ సంఘాన్నే నమ్ముకోవడం మేలా? ఈ రెండు దారులూ 1978లో ముషీరాబాద్‌లో ముఖాముఖి తలపడ్డాయి. జనతా పార్టీ తరఫున నిలిచిన హింద్ మజ్దూర్ సభ నాయకుడు నాయిని నర్సింహారెడ్డి, కాంగ్రెస్‌లో ఎదిగిన టి. అంజయ్యను ఓడించారు.

అయితే ఓడిన అంజయ్యే 1980 అక్టోబరులో ముఖ్యమంత్రి అయ్యారు. హైదరాబాద్ ఆల్విన్ ఫ్యాక్టరీలో ఆరణాల రోజుకూలీగా మొదలైన మనిషి ఆ కుర్చీ ఎక్కడం సామాన్య విషయం కాదు. కానీ దాన్ని ఇచ్చింది ఢిల్లీ. సొంత బలం లేని ముఖ్యమంత్రి ముఠాలన్నిటినీ ఊరుకోబెట్టాలి కాబట్టే మంత్రివర్గం 61 మందికి పెరిగింది. బేగంపేట విమానాశ్రయంలో రాజీవ్ గాంధీ చేతిలో ఆయనకు జరిగిన అవమానాన్ని తెలుగువారి ఆత్మగౌరవ సమస్యగా చెప్పుకోవడం మనకు అలవాటు. నాకు మాత్రం అందులో వేరే సంగతి కనిపిస్తుంది: వెనుక కార్మికులు లేకుండా యాజమాన్యంతో చర్చలకు కూర్చోకూడదని ఏ యూనియన్ నాయకుడికైనా తెలుసు, అంజయ్య అధిష్ఠానం ముందు అలాగే కూర్చోవలసి వచ్చింది. 1982 ఫిబ్రవరిలో పదవి పోయింది.

నా దృష్టిలో తేల్చవలసిన అంశం ఇదే: పదవి ఇచ్చేదెవరు, తీసేసేదెవరు? ఆ లెక్కన నాయిని దారి గట్టిది. హైదరాబాద్ అజామాబాద్‌లోని వీఎస్టీ సిగరెట్ ఫ్యాక్టరీ కార్మికుల సంఘంతో ఆయన బంధం దశాబ్దాల పాటు సాగింది. ఆయన 1985లోనూ, మళ్లీ 2004లో తెరాస తరఫునా గెలిచారు. మధ్యలో 1989 నుంచి పదిహేనేళ్లు శాసనసభకు దూరంగా ఉన్నా నాయకుడిగానే మిగిలారంటే కారణం ఆ సంఘమే. అయినా 2014లో హోం, కార్మిక శాఖలు ఆయనకు దక్కింది అధినేత ఎంపిక వల్ల, ముషీరాబాద్ ఓటు వల్ల కాదు. 2018 తర్వాత మళ్లీ మంత్రి పదవి రాకపోతే ఆయన చేయగలిగింది అసంతృప్తిని బయటపెట్టడం వరకే.

మూడో దారి వి.వి. గిరిది. బ్యాంకు ఉద్యోగుల వేతన తీర్పును ప్రభుత్వం మార్చినందుకు 1954లో కేంద్ర కార్మిక మంత్రి పదవినే వదులుకున్నారు. గౌరవించదగినదే గాని, రాజీనామా చేయాలన్నా ముందు పదవి ఉండాలి కదా.

ఇప్పుడు టికెట్ కోసం తిరుగుతున్నవారికి చట్టం కూడా ఒక మెలిక పెట్టింది. కార్మిక సంఘాల చట్టానికి 2001లో చేసిన సవరణతో వచ్చి, 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ కొనసాగుతున్న నిబంధన ప్రకారం మంత్రిగా ఉన్న వ్యక్తి నమోదైన యూనియన్‌లో ఏ పదవిలోనూ ఉండరాదు. ఎమ్మెల్యేకు మాత్రం ఆ నిషేధం లేదు. కాబట్టి నా సలహా ఎమ్మెల్యే సీటు వరకే ఆశించమని. మంత్రి పదవికి పిలుపొస్తే, యూనియన్ అధ్యక్ష పదవిని ఫ్యాక్టరీలో పనిచేస్తున్నవారిలో ఒకరికి ముందే అప్పగించి వెళ్లాలి.