థర్మోస్టాట్ వాల్వ్: పీకేయడమా, మార్చడమా? ఇంట్లోనా, గ్యారేజీలోనా?

"వాల్వ్ పీకేద్దాం సార్. మన ఎండలకి దాంతో పనేముంది?"

బండి హీట్ ఎక్కుతోందని గ్యారేజీకి వెళ్లిన వాళ్లలో చాలామంది ఈ మాట వినే ఉంటారు. అక్కడ వాల్వ్ అంటే థర్మోస్టాటే, ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్ల దారిని వేడిని బట్టి తెరిచి మూసే చిన్న తలుపు. నేను సెకండ్ హ్యాండ్‌లో కొన్న చిన్న పెట్రోల్ కారుకి పాత ఓనరు హయాంలో ఎవరో ఈ వైద్యమే చేసి పెట్టారు. ఆ సంగతి నాకు బయటపడింది లంబసింగిలో. డిసెంబరు తెల్లవారుజామున నర్సీపట్నం నుంచి ఘాట్ ఎక్కుతున్నంతసేపూ టెంపరేచర్ ముల్లు కాస్త లేచింది గానీ, పైన చదును రోడ్డు మీద పడగానే మళ్లీ కిందికి జారిపోయింది. హీటర్ వేస్తే వచ్చింది గోరువెచ్చటి గాలే. మైలేజీ ఎందుకు రావడం లేదా అని అప్పటికి ఆరు నెలలుగా తల బాదుకుంటున్నాను.

అంచేత మొదట తేల్చుకోవాల్సింది ఇంట్లో మార్చాలా, గ్యారేజీలో మార్చించాలా అని కాదు. అసలు అది ఉండాలా, వద్దా అని.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఈ వాల్వ్ మూసుకుని ఉంటుంది. కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, తాను చల్లారే రేడియేటర్ దాకా పోకుండా ఇంజిన్‌లోనే తిరిగి త్వరగా వేడెక్కుతుంది. వాల్వ్ నడుమ చిన్న లోహపు గుళికలో మైనం ఉంటుంది. వేడికి ఆ మైనం కరిగి, ఉబ్బి, ఒక కడ్డీని నెడుతుంది. దాంతో స్ప్రింగు నొక్కుకుని వాల్వ్ తెరుచుకుంటుంది. ఎన్ని డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలవుతుందో చాలావరకు దాని మీదే అచ్చు వేసి ఉంటుంది. 82, 88 అనే అంకెలు ఎక్కువగా కనిపిస్తాయి. అక్కడినుంచి ఇంకో పది పదిహేను డిగ్రీలు పెరిగేసరికి పూర్తిగా తెరుచుకుంటుంది.

'మన ఎండల' వాదం బెడిసికొట్టేది ఇక్కడే. రామగుండంలో మే నెల మధ్యాహ్నం, 45 డిగ్రీల ఎండలో, ఏసీ వేసుకుని సిగ్నల్ దగ్గర నిలబడ్డ బండిలో మంచి వాల్వ్ ఎప్పుడో తెరుచుకుని ఉంటుంది. బార్లా తెరిచిన తలుపుని ఊడబీకితే కొత్తగా వచ్చే గాలెంత? వాల్వ్ బాగానే ఉండి కూడా బండి కాగిపోతోందంటే దోషం ఇంకెక్కడో ఉంది. రేడియేటర్ లోపల బోరు నీళ్ల సున్నం పేరుకుని ఉండొచ్చు, ఫ్యాన్ తిరగకపోవచ్చు, రేడియేటర్ మూత రబ్బరు పోయి ఉండొచ్చు, వాటర్ పంపు అరిగి ఉండొచ్చు. వాల్వ్ పీకేస్తే ఆ జబ్బు కొన్నాళ్లు కప్పబడుతుంది, అంతే.

పీకేయడానికి ఒక న్యాయమైన సందర్భం ఉంది. ఊరు కాని ఊరులో, హైవే మీద, వాల్వ్ మూసుకుని బిగుసుకుపోయింది. దగ్గర్లో కొత్తది దొరకదు. అప్పుడు తీసేసి ఇల్లు చేరడం తెలివైన పనే. అయితే అన్ని ఇంజిన్లలో అదీ కుదరదు. కొన్నిటిలో వాల్వ్‌కి వెనక ఇంకో చిన్న పళ్లెం ఉంటుంది. రేడియేటర్ దారి తెరుచుకుంటున్న కొద్దీ అది అడ్డదారిని, అంటే నీళ్లు రేడియేటర్‌కి పోకుండా ఇంజిన్‌లోకే తిరిగొచ్చే దారిని, మూస్తుంది. అలాంటి దాన్ని తీసేస్తే అడ్డదారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. వేడి నీళ్లలో కొంత భాగం రేడియేటర్ మొహం చూడకుండానే ఇంజిన్‌లోకి తిరిగి వచ్చేస్తుంది. చల్లబడుతుందనుకుని పీకితే ఇంకా కాగుతుంది. ఇది చూసే కాబోలు, 'నీళ్లు స్పీడుగా పోతే రేడియేటర్‌లో చల్లారే టైము ఉండదు' అనే కథ పుట్టింది. స్పీడు తప్పేం లేదు. దారే తప్పు.

పీకేసిన బండితో రోజూ తిరిగితే నష్టం నెమ్మదిగా తెలుస్తుంది. ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోయిస్తుంది. ఆ పెట్రోలు కొంత సిలిండర్ గోడల మీంచి ఆయిల్‌లోకి దిగుతుంది. ఆయిల్ సరిగా వేడెక్కదు కాబట్టి అందులో చేరిన చెమ్మ ఆవిరై పోదు. ఆయిల్ మూత తీస్తే కింద పాలమీగడలాంటి జిగురు కనిపిస్తుంది. కొన్ని బండ్లలో డాష్‌బోర్డు మీద ఇంజిన్ లైటు వెలుగుతుంది. స్కానర్ పెడితే పి0128 అని వస్తుంది. కూలెంట్ ఉండాల్సినంత వేడికి చేరడం లేదని దాని అర్థం. ఇంత నష్టం దేనికి? చిన్న కార్లలో కొన్ని వందలకు వచ్చే సామాను ఖర్చు మిగుల్చుకోవడానికి. పీకేయడం అనే దారిని ఇక్కడితో కొట్టేయండి.

ఇక మార్చడమే. ఎవరు మార్చాలి?

కారు వారంటీలో ఉంటే ఆలోచన అక్కర్లేదు, కంపెనీ సర్వీస్ సెంటర్‌కే ఇవ్వండి. వారంటీ దాటిన బండికి మాత్రం బానెట్ ఎత్తి చూశాకే నిర్ణయం. రేడియేటర్ పై హోస్ పైపుని పట్టుకుని ఇంజిన్ వైపు వెళ్లండి. అది వెళ్లి కలిసే చోట రెండు మూడు బోల్టులతో బిగించిన చిన్న మూతలాంటిది ఉంటే, చాలా ఇంజిన్లలో వాల్వ్ దాని కిందే. పైనే ఉంది, స్పానర్ తిరగడానికి చోటుంది అంటే ఇది ఆదివారం పొద్దున్న మనం చేసుకోగలిగిన పని. కొన్ని ఇంజిన్లలో వాల్వ్ కింది హోస్ వైపు ఉంటుంది. ఇంకొన్నిటిలో ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టాల గుంపు) కిందో, వాటర్ పంపు పక్కనో, చెయ్యి దూరని చోట దాక్కుంటుంది. చాలా కొత్త మోడళ్లలో వాల్వూ దాని ప్లాస్టిక్ గూడూ కలిపి ఒకే ముక్కగా వస్తుంది, కొన్నిటికి కరెంటు కనెక్షన్ కూడా ఉంటుంది. వీటి జోలికి ఇంట్లో వెళ్లకండి. మా బావమరిది డీజిల్ బండి బానెట్ ఎత్తి, ఓ పది నిమిషాలు టార్చి వేసి చూసి, మర్యాదగా మూసేశాను.

ఇంటిపనిలో గొప్ప ఏమిటంటే డబ్బు మిగలడం కాదు. ఆటోనగర్ మెకానిక్ ఈ పనికి తీసుకునే కూలి అంత పెద్దదేం కాదు. మీకు కావలసిన స్పానర్లు, గరాటు, టబ్బు, హోస్ క్లిప్పులు ఇంట్లో లేకపోతే మొదటిసారి ఇంటిపనే ఎక్కువ ఖర్చవుతుంది. టైము సంగతీ అంతే. అతనికి అరగంట, మనకి సగం ఆదివారం. మరి ఇంటిపని ఎందుకు మేలంటే, ఈ పనిలో అసలు కష్టం బోల్టుల్లో లేదు, గాలిలో ఉంది.

కూలెంట్ దించి మళ్లీ పోసినప్పుడు లోపల గాలి చిక్కుకుంటుంది. ఆ గాలి బుడగ వెళ్లి వాల్వ్ దగ్గరో, ఇంజిన్ పైభాగమైన హెడ్‌లోనో కూర్చుంటే అక్కడికి నీరు తగలదు. వాల్వ్‌కి వేడి అందక అది తెరుచుకోదు. ముల్లు ఉన్నట్టుండి పైకి లేస్తుంది, హీటర్‌లోంచి చల్లగాలి వస్తుంది. 'కొత్త వాల్వ్ వేశాక కూడా హీట్ అవుతోంది' అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే. గాలి పోవాలంటే బండి ముక్కు కాస్త ఎత్తులో ఉండేలా నిలపాలి. హీటర్ పూర్తి వేడి మీద పెట్టాలి. గాలి వదిలే స్క్రూ ఉంటే వదులు చేయాలి. రేడియేటర్ మీదే మూత ఉండే రకమైతే, చల్లటి ఇంజిన్‌ని మూత తీసి స్టార్ట్ చేసి, బుడగలు వస్తున్నంతసేపూ కొద్దికొద్దిగా పోస్తూ ఉండాలి. వాల్వ్ తెరుచుకోగానే మట్టం ఒక్కసారిగా తగ్గుతుంది, పై హోస్ వేడెక్కుతుంది. బుడగలు ఆగాక మూత బిగించి ఫ్యాన్ రెండు సార్లు తిరిగి ఆగేదాకా చూడాలి. దీనికి అరగంట ఓపిక కావాలి. వెనక నాలుగు బండ్లు నిలబడి ఉన్న మెకానిక్‌కి లేనిది అదే. పనితనంలో అతను మనకన్నా పది మెట్లు పైన ఉంటాడు, ఒప్పుకోవాలి. కానీ మన బండి కోసం స్టూలు వేసుకుని కూర్చుని బుడగలు లెక్కపెట్టే తీరిక మనకే ఉంటుంది.

అలాగని ఇంట్లో చెడగొట్టుకోవడం కష్టమేం కాదు. ముఖ్యంగా మూడు చోట్ల. పాత హోస్ పైపు అంటుకుపోయి ఉంటే స్క్రూడ్రైవర్‌తో మీటకండి. ముందు చేత్తో అటూ ఇటూ మెలితిప్పి కదలనిచ్చి, తర్వాత లాగండి. రేడియేటర్ ప్లాస్టిక్ మెడ విరిగితే వందల పని వేలకు ఎక్కుతుంది. రెండోది, ఆ చిన్న బోల్టులు దిగేది అల్యూమినియంలోకి. పొడవాటి రెంచితో బలం చూపిస్తే మర పోతుంది. పొట్టి స్పానర్‌తో, రెండు వైపులా కొద్దికొద్దిగా బిగించాలి. మూడోది, వాల్వ్ తిరగేసి పెట్టడం. చాలావరకు స్ప్రింగు ఇంజిన్ వైపుకే ఉండాలి. వాల్వ్ అంచున చిన్న రంధ్రంలో ఆడుతూ ఉండే పిన్ను ఉంటే అది పైకి రావాలి. గాలి పోయేది దాంట్లోంచే. పాతది తీసేటప్పుడే ఫోన్లో ఒక ఫొటో తీసి పెట్టుకోండి. రబ్బరు రింగు ఉన్నచోట సీలెంట్ పేస్టు పూయకండి. అట్ట ప్యాకింగ్ అయితే పాతది మొత్తం గీకేశాకే కొత్తది.

వేడి బండి రేడియేటర్ మూత తీయొద్దని ఎవరూ చెప్పనక్కర్లేదు అనుకుంటాం, అయినా చెప్తున్నా. లోపల పీడనం వల్ల నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. మూత వదులైన క్షణంలో ఒక్కసారిగా మరిగి మొహం మీదికి ఎగజిమ్ముతాయి. రాత్రంతా నిలిపిన బండి మీదే పని మొదలుపెట్టండి. తాళం తీసేసినా కొన్ని బండ్లలో ఫ్యాన్ దానంతటదే తిరుగుతుంది కాబట్టి, విప్పేటప్పుడు బ్యాటరీ వైరు ఒకటి తీసేయడం మంచిది. దించిన కూలెంట్‌ని కాలువలో పోయకండి. అందులో ఉండే గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. వీధి కుక్కలు, పిల్లులు నాకితే చచ్చిపోతాయి. డబ్బాలో పట్టి, గట్టిగా మూతపెట్టి, పాత కూలెంట్ తీసుకునే వర్క్‌షాపు ఎవరన్నా ఉంటే వాళ్లకి ఇవ్వండి.

సామాను దగ్గర నా ఓటు కంపెనీ జెన్యూన్ పార్టుకో, లేదా ఆ కంపెనీకే సామాను సప్లై చేసే పేరున్న బ్రాండుకో. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో గానీ, విజయవాడ ఆటోనగర్‌లో గానీ కౌంటర్ మీద మూడు రేట్లు చెప్తారు. అన్నిటికన్నా చవకది వద్దు. ఏది కొన్నా బిగించే ముందు ఒక పరీక్ష పెట్టండి. గిన్నెలో నీళ్లు పోసి, వాల్వ్‌ని దారంతో అడుగు తగలకుండా వేలాడదీసి, స్టవ్ మీద పెట్టండి. వంటింటి థర్మామీటర్ ఉంటే అచ్చు వేసిన అంకె దగ్గర కదలిక మొదలవుతుందో లేదో కనిపిస్తుంది. జ్వరం చూసేది పనికిరాదు, పగిలిపోతుంది. థర్మామీటర్ లేకపోయినా, నీళ్లు మరిగేసరికి బాగా తెరుచుకోవాలి, చల్లారితే పూర్తిగా మూసుకోవాలి. పాత వాల్వ్‌ని కూడా పరీక్షించాలనిపిస్తే దానికి వంట గిన్నె వాడొద్దు. మా ఇంట్లో ఆ గిన్నె ఇప్పటికీ బాల్కనీలో మొక్క కింద ఉంది. '88 బదులు 76 వేస్తే ఇంకా చల్లగా ఉంటుంది' అని ఎవరైనా అంటే, అది పీకేయడానికి తమ్ముడే. మాన్యువల్‌లో ఉన్న అంకె మార్చకండి.

కూలెంట్ రంగు చూసి కొనకండి, రంగుకి ప్రమాణం అంటూ లేదు. మాన్యువల్ చెప్పిన రకమే కొనండి. చిక్కటిది కొంటే డిస్టిల్డ్ వాటర్ కలపాలి, బోరు నీళ్లు కాదు. కలిపిన డబ్బాయే కొంటే నేరుగా పోసేయొచ్చు, ధర కాస్త ఎక్కువైనా ఇంట్లో చేసుకునేవాళ్లకి అదే సుఖం.

గ్యారేజీకే ఇవ్వాలని తేలితే, మంచి వాల్వ్, రింగు, కూలెంట్ మీరే కొని తీసుకెళ్లండి. "గాలి పూర్తిగా తీసేదాకా నేనుంటా, తొందరేం లేదు" అని ముందే చెప్పండి. మీ కళ్ల ముందు పాతది బయటికి తీయించండి. తీసే చోట అసలు వాల్వే లేకపోతే మాత్రం, నాలాగా ఆశ్చర్యపోకండి.

నా బండికి వరండాలోనే వేశాను. రెండున్నర గంటలు పట్టింది, అందులో బోల్టుల పని నలభై నిమిషాలే. మర్నాడు పొద్దున్న చూస్తే రిజర్వ్ ట్యాంకులో మట్టం రెండు వేళ్లు తగ్గింది. లీకేమో అని కింద అట్ట పరిచి చూశాను, చుక్క లేదు. లోపల మిగిలిన గాలి బయటికొచ్చి, దాని చోటులోకి కూలెంట్ వెళ్లిందన్నమాట. పోశాను. మూడో రోజు నుంచి గీత మీదే నిలబడింది.