గ్యాస్ స్టేషన్ కౌంటర్ వెనక షీల్డ్ 9 ఎంఎం: చాలాకాలం వాడాక నా మాట

టెక్సస్‌లో గ్యాస్ స్టేషన్ (పెట్రోలు బంకు) నడిపేవాణ్ని నడుముకు పిస్టల్ ఎందుకని ఎవరూ అడగరు, ఏది కొన్నావనే అడుగుతారు. నాది స్మిత్ అండ్ వెసన్ ఎం అండ్ పి షీల్డ్, తూటా సైజు 9 ఎంఎం, బొటనవేలితో నొక్కే సేఫ్టీ ఉన్న రకం. 2012లో వచ్చిన మోడల్ ఇది. 2017లో దీని కొత్త రూపం 2.0 వచ్చాక పాతదాని ధర షాపుల్లో 300 డాలర్ల దరిదాపులకు దిగింది, అప్పుడు తీసుకున్నాను. పొద్దున స్టోర్ తెరిచినప్పటి నుంచి రాత్రి క్యాష్ బ్యాంకు డ్రాప్ బాక్సులో వేసేదాకా నాతోనే ఉంటుంది.

మందం 0.95 అంగుళం, బ్యారెల్ 3.1 అంగుళాలు, ఖాళీగా తూస్తే అరకిలో పైచిలుకు. వీటిలో నాకు అన్నిటికంటే అక్కరకొచ్చింది మందమే. బ్యారెల్ ఎంత పొడవున్నా ప్యాంటు లోపలికి పోతుంది. పైకి ఉబ్బెత్తుగా కనిపించేది పిడి. కూలర్‌లో కింది వరసలో బీరు డబ్బాలు సర్దడానికి వంగిన ప్రతిసారీ చొక్కా వీపుకు అతుక్కుని పిడి ఆకారం బయటపడుతుంది. ఏడు రౌండ్ల (తూటాల) పొట్టి మ్యాగజైన్, అంటే పిడిలో దూర్చే తూటాల డబ్బీ, పెడితే ఆ బెడద చాలావరకు ఉండదు, కానీ చిటికెన వేలికి పట్టు దొరకదు. ఎనిమిది రౌండ్లది పెడితే వేళ్లన్నీ చక్కగా సరిపోతాయి, చొక్కా మాత్రం కాస్త వదులుగా ఉండాలి. నేను పొట్టిది పిస్టల్‌లో, పొడుగుది జేబులో పెట్టుకుంటాను.

కొనే ముందు మిగతావీ చేత్తో పట్టి చూశాను. రుగర్ ఎల్‌సీపీ లాంటి .380 (9 ఎంఎం కంటే బలం తక్కువ తూటా) పిస్టళ్లు జేబులో ఉన్నట్టే తెలియదు, కానీ అంత తేలికైనదాన్ని పేలిస్తే చేతికి దెబ్బ గట్టిగానే తగులుతుంది. దాంతో రేంజ్‌కి (కాల్పుల సాధన చేసే చోటికి) వెళ్లాలంటేనే బద్ధకం వస్తుంది. అయిదు తూటాల చిన్న రివాల్వర్ నమ్మకమైనదే, కానీ ట్రిగ్గర్ నొక్కడం బరువు. గ్లాక్ 43 బాగుంది, ధర ఎక్కువ, తూటా ఒకటి తక్కువ. 2018లో సిగ్ పీ365 వచ్చింది. అదే సైజులో పది రౌండ్లు పట్టించి అందరి లెక్కలూ మార్చేసింది. అది నా బడ్జెట్‌లో లేదు, అంతే.

షీల్డ్‌లోనే ఇంకా పెద్ద తూటా .40ది కూడా ఉండేది. ఇంత చిన్న పిస్టల్‌లో .40 ఎదురుదెబ్బ భరించడం ఎందుకు? ఎఫ్‌బీఐ కూడా దాన్ని వదిలి 9 ఎంఎంకే తిరిగొచ్చింది. 9 ఎంఎం కూడా దీంట్లో మెత్తగా ఏమీ ఉండదు. రెండు డబ్బాల తూటాలు కాల్చేసరికి అరచెయ్యి ఎర్రబడుతుంది. పిస్టల్ వెంట పెట్టుకునే టెక్సస్ లైసెన్సు పరీక్షలో 3, 7, 15 గజాల దూరాల నుంచి మొత్తం 50 రౌండ్లు కాల్చాలి. 15 గజాల దగ్గరే చిన్న బ్యారెల్ సంగతి తేలేది. పాసవడం కష్టమేం కాదు. చెయ్యి వణకకుండా గుళ్లన్నీ ఒకచోట పడాలంటే మాత్రం నెలనెలా రేంజ్‌కి వెళ్లాల్సిందే. 2020-21లో తూటాల కరువొచ్చి ధరలు మండిపోయినప్పుడు ఆ అలవాటు చాలామందికి తప్పింది. పిస్టల్ చవకని కొనేవాళ్లు తూటాల ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి.

హోల్‌స్టర్ (పిస్టల్ దోపుకునే ఒర) దగ్గర పొదుపు పనికిరాదు. పిస్టల్‌తో పాటు షాపువాళ్లు ఇచ్చిన నైలాన్ సంచి కొన్ని వారాలకే మూతి మూసుకుపోవడం మొదలుపెట్టింది. అలాంటి మూతిలోకి పిస్టల్ దోపేటప్పుడు గుడ్డ మడత ట్రిగ్గర్‌కు తగిలితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే గట్టి కైడెక్స్ ప్లాస్టిక్‌ది, దానికి తగ్గ మందపాటి బెల్టు కొన్నాను. రెండూ కలిపి వంద డాలర్లు దాటాయి. కుడి తుంటి వెనక పెట్టుకుంటాను. ముందు పెట్టుకోమని కుర్రాళ్లు చెబుతారు గానీ, నా బొజ్జతో స్టూలు మీద కూర్చుంటే కుదరదు. ఎండాకాలం చెమటకు స్లైడ్ (పిస్టల్ పైన వెనక్కీ ముందుకీ కదిలే ఇనప భాగం) తుప్పు పట్టలేదు. దుమ్ము, బట్టల నూగు మాత్రం బాగా చేరతాయి, నెలకోసారి విప్పి తుడవాలి.

పిస్టల్ పెట్టుకోవడం కంటే తీసి దాచడం పెద్ద పని. పిల్లల స్కూల్లోకి తీసుకెళ్లకూడదు, పోస్టాఫీసులోకి తీసుకెళ్లకూడదు. మేం వెళ్లే గుడి గుమ్మం దగ్గర 30.06 బోర్డుంది, అంటే లైసెన్సున్నవాళ్లు కూడా పిస్టల్ దాచుకుని లోపలికి రాకూడదు. కారు సీటు కింద కేబుల్‌తో కట్టిన ఇనప పెట్టె లేకపోతే రోజు గడవదు. నేను హోల్‌స్టర్‌తో సహా ఊడదీసి అందులో పెడతాను, కార్లో ట్రిగ్గర్ చుట్టూ వేళ్లు ఆడించే అవసరమే రాదు. ఇంట్లో సేఫ్ తప్పనిసరి. పిల్లల చేతికి అందేలా తుపాకీ వదిలేయడం టెక్సస్‌లో నేరం. అమ్మానాన్నలు గుంటూరు నుంచి వచ్చినప్పుడు ఇంకా జాగ్రత్త. మన దేశంలో 9 ఎంఎం మామూలు జనానికి నిషిద్ధ బోరు (తూటా సైజు), లైసెన్సున్నవాళ్లకు .32 లాంటివే. అలాంటిది కొడుకు నడుముకు ఇది చూసి మా అమ్మ రెండు రోజులు సరిగా మాట్లాడలేదు.

2021 సెప్టెంబరు నుంచి 21 ఏళ్లు నిండి, చట్టం ప్రకారం తుపాకీ ఉంచుకునే అర్హత ఉన్నవాళ్లకు టెక్సస్‌లో పిస్టల్ వెంట పెట్టుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. అయినా నాది రెన్యూ చేయించాను. బడికి 1000 అడుగుల లోపు రోడ్డు మీద తూటాలున్న పిస్టల్‌తో వెళ్లాలంటే ఫెడరల్ చట్టం మినహాయింపు ఇచ్చేది రాష్ట్ర లైసెన్సు ఉన్నవాళ్లకే. మా స్టేషన్ దారిలోనే స్కూలుంది.

"అన్నా, నాకూ ఒకటి తీసిపెట్టు, డబ్బులిచ్చేస్తా" అని హెచ్1బీ మీదున్న కుర్రాళ్లు అడుగుతుంటారు. కుదరదు తమ్ముడూ. తుపాకీ కొనేటప్పుడు షాపులో నింపే ఫారం 4473లో అసలు కొనేది నేనేనని సంతకం పెట్టి మరొకరి కోసం కొంటే జైలే. వీసా మీదున్నవాళ్లు వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు తప్ప తుపాకీ దగ్గర ఉంచుకోవడమూ నేరమే, కేసైతే గ్రీన్‌కార్డు ఆశకూ ముప్పే.

వాడుకలో తెలిసిన ఇంకో సంగతి. రోజూ పిస్టల్ ఖాళీ చేసి మళ్లీ అదే తూటాను చాంబర్‌లోకి (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటికి) ఎక్కిస్తుంటే, మొన కాస్త కాస్తగా కేసులోకి (తూటా వెనక గొట్టంలోకి) కుంగుతుంది. అలాంటి తూటా పేలితే లోపల ప్రెషర్ ప్రమాదకరంగా పెరుగుతుంది. కొత్త తూటా పక్కన నిలబెట్టి పొడవు పోల్చి చూస్తాను, తేడా కనిపిస్తే అది మళ్లీ వాడను. మ్యాగజైన్ తీసినా చాంబర్‌లో తూటా ఉండిపోవచ్చు, అంత మాత్రాన పిస్టల్ ఖాళీ అయినట్టు కాదని మా స్టోర్ కుర్రాడికి కూడా నేర్పాను.

ఇవాళ కొత్తగా కొనేవాళ్లయితే పాత షీల్డ్ కోసం వెతకక్కర్లేదు. 2021లో వచ్చిన షీల్డ్ ప్లస్ దాదాపు ఇదే సైజు, పొట్టి మ్యాగజైన్‌లోనే పది పడతాయి. అది బడ్జెట్ దాటితే పాత షీల్డ్ సెకండ్‌హ్యాండ్‌లో తీసుకోండి, మిగిలిన డబ్బుతో హోల్‌స్టర్, పెట్టె, నాలుగు డబ్బాల తూటాలు వస్తాయి. నేను మాత్రం నాది మార్చడం లేదు.